హైపోథాలమస్ బాబాయి

నవ్వితే పడిపోయే మనిషిని ఎక్కడన్నా చూశారా? పొట్ట పట్టుకుని గోడకి జారగిలబడటం గురించి కాదు నేను చెప్పేది. అది మనందరం చేసేదే. నేను చెప్పేది నిజంగా పడిపోవడం. ముందు దవడ సడలుతుంది. తర్వాత మెడ వాలుతుంది. ఆ తర్వాత మోకాళ్ళు మావల్ల కాదు బాబోయ్ అంటాయి. మనిషి నేలమీద ఉంటాడు. కళ్ళు తెరిచే ఉంటాయి, చుట్టుపక్కల మాటలన్నీ వినబడుతుంటాయి, వేలు మాత్రం కదలదు. ఒకటి రెండు నిమిషాలు పోయాక లేచి, చొక్కా దులుపుకుని, "ఊఁ, ఎంతవరకొచ్చాం?" అంటాడు.

వీధి మలుపులో సెలూన్ నడిపే బార్బరుకి ఉన్నది సరిగ్గా ఈ జబ్బే. పోనీ ఏ తోటమాలికో వచ్చిందనుకోండి, పచ్చిక మీద పడి లేస్తాడు. ఏ గుమాస్తాకో వస్తే బల్లమీద తల పెట్టుకుంటాడు, ఆఫీసులో ఎవరికీ తేడా కూడా తెలియదు. అదేం ఖర్మో, రోజుకి పాతిక గొంతుల మీద కత్తి ఆడించేవాణ్ణి వెతుక్కుంటూ వచ్చింది.

మొదటిసారి అతను పడింది భార్య మాటకి. ఆవిడది ఇస్త్రీ పని. సెలూన్‌కీ ఆవిడ ఇస్త్రీ బల్లకీ మధ్య ఒక కర్టెన్ మాత్రమే అడ్డం. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పెళ్ళికి ముందు వాళ్ళ ఇస్త్రీ షాపుకి చొక్కా ఇవ్వడానికి వెళ్ళి, ఆవిడ మాటలకి నవ్వీ నవ్వీ, మర్నాడు మళ్ళీ వెళ్ళడానికి వేరే బట్టలు లేక బనియన్లు కూడా ఇస్త్రీకి ఇచ్చిన ఘనుడు మనవాడు. పెళ్ళయి పదహారేళ్ళయినా ఆ సరదా తగ్గలేదు. ఇద్దరికీ పిల్లల్లేరు, ఆస్తుల్లేవు, ఉన్నదల్లా ఆ నోరూ, ఆ నోరు వినడానికి ఇతనూ.

ఆ రోజు మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. ఆవిడ కర్టెన్ పక్కకి జరిపి, "ఇదిగో, విన్నారా! లాయరుగారు కోటు ఇచ్చాడు. జేబులో చూస్తే రెండు చాక్లెట్లు, ఒక చీటీ. వాళ్ళావిడ రాసింది. 'ఓడిపోతే అక్కడ ఏడవకండి. ఇంటికొచ్చి ఏడవండి'" అంది.

బార్బరు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ నేలమీదకి పోయాడు. ఆవిడ మొదట అది కూడా నవ్వులో భాగమే అనుకుంది. ఎంతకీ లేవకపోయేసరికి చేతిలో ఇస్త్రీపెట్టె ఎక్కడిదక్కడ వదిలేసి పరిగెత్తుకొచ్చి, అతని తల ఒళ్ళో పెట్టుకుని, "నా నోరు పడిపోను! నా పాడు నోరు పడిపోను!" అని గుండెలు బాదుకుంది. అతనికి ఆ ఏడుపంతా వినబడుతూనే ఉంది. నేను చావలేదే పిచ్చిదానా అని చెబుదామంటే పెదవి కదలదు. పైగా ఎక్కడో గుడ్డ కాలుతున్న వాసన. లాయరుగారి కోటు వీపున ఇస్త్రీపెట్టె ముద్ర ఇప్పటికీ ఉంది, ఆయన అది వేసుకునే వాదిస్తున్నాడు.

ఆ రోజుతో ఆవిడ నోటికి తాళం పడింది. ఉప్పు సరిపోయిందా. తలుపు గడియ పెట్టండి. తువ్వాళ్ళు ఆరాయి. ఇంతే మాటలు. చమత్కారం ఏదన్నా నాలుక చివరిదాకా వస్తే గబగబా లోపలికెళ్ళి ఒక గ్లాసు నీళ్ళు తాగొచ్చేది. రోజుకి పద్దెనిమిది ఇరవై గ్లాసులు. బార్బరు ఆ గ్లాసు చప్పుడు వింటూ గడ్డాలు గీసేవాడు. ఒక్కో చప్పుడుకీ తనకి దక్కకుండా పోయిన నవ్వు ఒకటి ఉందని అతనికి తెలుసు. పడిపోవడం కన్నా అదే ఎక్కువ బాధగా ఉండేది.

నిద్ర డాక్టరు దగ్గరకి ముగ్గురు వెళ్ళారు. మొగుడూ పెళ్ళాలూ, ఇంటికి పెద్దదిక్కుగా బాబాయి.

ఈ బాబాయి గురించి కాస్త చెప్పాలి. బార్బరు తండ్రికి సొంత తమ్ముడు. అన్న కత్తి పట్టుకుంటే తమ్ముడు చాక్‌పీసు పట్టుకున్నాడు. బడిలో మేష్టరుగా చేరి, ముప్పై ఏళ్ళు పరీక్ష హాళ్ళలో కాపలా కాసి రిటైరయ్యాడు. ఆయన చీటీలు పట్టుకోని చోటు లేదు. బూటు అడుగున పట్టుకున్నాడు, జడలో పట్టుకున్నాడు, విరగని చేతికి వేసుకొచ్చిన పిండికట్టులో పట్టుకున్నాడు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు మాత్రం లేరు. అంత గుబురు మీసం వెనకాల నవ్వినా కనబడదని కొందరనేవాళ్ళు. ఆ మీసం కింద అసలు ఏమీ జరగదని ఇంకొందరు.

ఆస్పత్రిలో బార్బరు తలకి వైర్లు అంటించి, పట్టపగలు రెండేసి గంటలకోసారి పడుకోమన్నారు. ఐదుసార్లు పడుకున్నాడు. నిద్ర డాక్టరు కుర్రాడు, కానీ ఊరందరి నిద్రా చూసీ చూసీ తనకి నిద్ర కరువైనట్టుంది, మాట మాటకీ ఆవలింతే.

"మామూలు వాళ్ళకి కలల నిద్ర రావాలంటే పడుకున్నాక గంటా గంటన్నర పడుతుంది. ఈయన ఐదు నిమిషాల్లో కలలోకి దిగిపోతున్నాడు. ఐదుసార్లు పడుకుంటే ఐదుసార్లూ" అన్నాడు డాక్టరు.

"నూటికి నూరు" అన్నాడు బాబాయి గర్వంగా. మా అన్న కొడుక్కి దేంట్లోనన్నా నూరు రావడం ఇదే మొదలు అని ఆయన సంబరం.

డాక్టరు తన కనుబొమల మధ్య వేలు పెట్టి చూపించాడు. "దీని వెనకాల, మెదడు అడుగున, బాదంపప్పంత చోటు ఉంటుంది. హైపోథాలమస్ అంటాం. అందులో కొన్ని కణాలు కలల నిద్రకి తలుపు తీస్తాయి. ఇంకొన్ని, మనం మెలకువగా ఉన్నంతసేపూ ఆ తలుపు దగ్గర కాపలా ఉంటాయి. కలలో మీరు పరిగెడతారు, గోడలు దూకుతారు, కానీ మంచం మీద కట్టేసినట్టు పడుంటారు కదా? కల నడిచినంతసేపూ మెదడే ఒంటిని అలా కట్టి ఉంచుతుంది. లేకపోతే అందరం కిటికీల్లోంచి కిందపడేవాళ్ళం." ఇక్కడ ఒక ఆవలింత. "ఈయనలో ఆ కాపలా కణాలు చాలావరకు పోయాయి. అందుకని మెలకువగా ఉండగానే, నవ్వు రాగానే, కలకి వెయ్యాల్సిన కట్టు పగలే వచ్చి పడుతోంది."

"నవ్వే ఎందుకండీ? ఏడిస్తే పడరా?" అంది భార్య.

"కోపానికీ ఆశ్చర్యానికీ పడేవాళ్ళున్నారు. ఎక్కువమంది నవ్వుకే. ఎందుకో మాకూ పూర్తిగా తెలీదమ్మా."

"పోయిన కాపలావాళ్ళు తిరిగి రారా?" అన్నాడు బాబాయి.

"రారండీ. మాత్రలు రాస్తాను. పడటం తగ్గుతుంది. పూర్తిగా పోదు."

బాబాయి లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు. "ముప్పై ఏళ్ళు కాపలా కాశాను డాక్టరుగారూ. మావాడి తలలో కాపలా ఉద్యోగం ఖాళీ ఉందంటే నేను ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకోనా? నేనున్నాను" అన్నాడు.

డాక్టరు నోరు తెరిచాడు. ఏదో అనబోతున్నాడని ముగ్గురూ చూశారు. ఆవలింత. బాబాయి దాన్నే నియామకపత్రంగా తీసుకుని బయటికి నడిచాడు.

మర్నాడు ఎనిమిదింటికల్లా సెలూన్ గుమ్మంలో ఒక కుర్చీ వెలిసింది. కుర్చీలో వీధివైపు తిరిగి బాబాయి. పక్కన టీ ఫ్లాస్కు. గుమ్మం మీద ఆయన దస్తూరీలో ఒక అట్ట. "నవ్వు నాలుగు విధాల చేటు. జోకులు ఇక్కడే విడిచి లోపలికి రావలెను."

చెప్పులు విడవమంటే అర్థముంది. జోకులు ఎలా విడుస్తాడండీ మనిషి? మొదటి రోజు గడ్డానికి వచ్చిన పాలవాడు అదే అడిగాడు.

"ఏం లేదు. నోట్లో ఏమన్నా ఉంటే ఇచ్చెయ్యి" అన్నాడు బాబాయి.

"నా దగ్గరేముంది బాబాయ్, గడ్డం తప్ప."

"అందరూ ముందు అలాగే అంటారు. దారిలో విన్నది, నిన్న ఎవరో చెప్పింది, ఏదైనా సరే. ఇప్పుడిచ్చేస్తే ఏమీ అనను. లోపల దొరికితే మాత్రం బాగుండదు."

పాలవాడు కాసేపు నసిగి, గేదె మీద ఒక జోకు చెప్పాడు. బాబాయి చేతులు కట్టుకుని చివరిదాకా విన్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"దీనికి నవ్వొస్తుందా?"

"మా ఇంట్లో అందరూ నవ్వారు బాబాయ్."

"మీ ఇంట్లో వాళ్ళు మంచివాళ్ళు. ప్రమాదం లేదు, లోపలికెళ్ళు."

ఇదీ పద్ధతి. వారం తిరక్కుండా వీధంతా ఆయన్ని హైపోథాలమస్ బాబాయి అనడం మొదలుపెట్టింది. ఆ మాటకి ఆయన పొంగిపోయాడు. పలకడం రానివాళ్ళకి అక్కడే నిలబెట్టి పదిసార్లు పలికించేవాడు. దినపత్రికలో కార్టూను ఉన్నచోట కత్తెరతో కంత పెట్టేవాడు. కార్టూను వెనక వైపు వాతావరణం వార్త పడేది కాబట్టి, ఆ సెలూన్‌కి వచ్చేవాళ్ళకి వాన ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. నెత్తిమీద నాలుగే వెంట్రుకలున్న పెద్దమనిషి ఒకాయన కొత్త ఫ్యాషన్ కటింగ్ కావాలని వస్తే, "ఈ తలతో ఆ మాట మీరు లోపల అనకూడదు. నాకు చెప్పండి, కాగితం మీద రాసి పంపిస్తాను" అని ఆపేశాడు.

సిటీ బస్సు కండక్టరు ఒకడు, ఊళ్ళో తనంత హాస్యగాడు లేడని పేరు. తెలివి చూపిద్దామని రోజుకో జోకు పట్టుకొచ్చాడు. పదకొండు రోజులు తెచ్చాడు. పదకొండింటికీ బాబాయి "ప్రమాదం లేదు" అనే అన్నాడు. పన్నెండో రోజు కండక్టరు మొహం మాడ్చుకుని ఇంకో వీధి సెలూన్‌కి మారిపోయాడు. ఆ అవమానం ఊరికే పోలేదు, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇంత కట్టుదిట్టం చేశారు, మరి బార్బరు పడటం తగ్గిందా? తగ్గలేదు. ఏడింతలయింది!

సెలూన్‌లో అద్దం ఉంటుంది కదండీ. గోడంత అద్దం. అందులో గుమ్మం, కుర్చీ, బాబాయి వీపు, ఆయన ముందు నిలబడి జోకు అప్పజెబుతున్న మనిషి మొహం, అన్నీ సినిమాలాగా కనబడతాయి. పైగా మాటలు కూడా వినబడతాయి. కంచే చేను మేస్తే కాపు ఎవరితో చెప్పుకుంటాడు? వారానికి రెండుసార్లు పడేవాడు కాస్తా రోజుకి రెండుసార్లు పడటం మొదలుపెట్టాడు. బాబాయి వీధివైపు తిరిగి కూర్చుంటాడు కాబట్టి ఆయనకి తెలీదు. చప్పుడు విని "ఏంట్రా అది?" అని అక్కణ్ణించే అరిస్తే, కుర్చీలో ఉన్నవాళ్ళు పాపం మొహం నిండా నురగతో, "ఏం లేదు బాబాయ్, దువ్వెన పడింది" అనేవాళ్ళు. బార్బరు లేచేదాకా కప్పుకేసి చూస్తూ ఓపిక పట్టేవాళ్ళు.

ఒక్కడికి, ఒక్క గీత, ఒక్క గాటు పడితే ఒట్టు. అది అదృష్టం కాదు. బార్బరుకి తండ్రి పని నేర్పేటప్పుడు వేళ్ళ కణుపుల మీద దువ్వెనతో కొట్టి కొట్టి నేర్పిన మాట ఒకటుంది. "కొంప అంటుకున్నా సరే, ముందు కత్తి మడువు. ట్రేలో పెట్టు. ఆ తర్వాత పరిగెత్తు." ముప్పై ఏళ్ళుగా ఎవరు తుమ్మినా, ఎవరు తలుపు ధడేల్మని వేసినా అతని బొటనవేలు తనంతట తనే కత్తి మడిచేస్తుంది. దవడ సడలిందో లేదో, వేలు తన పని చేసుకుపోయేది. ముందు కత్తి ట్రేలో పడుకునేది, తర్వాత మనిషి నేలమీద పడుకునేవాడు.

బాబాయికి నిజం చెప్పేస్తే సరిపోయేది కదా అంటారు. చెప్పేవాళ్ళు చెప్పచ్చు. రిటైరయ్యాక రెండేళ్ళు కిటికీలోంచి వీధి చూస్తూ మూగగా కూర్చున్న మనిషి, ఇప్పుడు పొద్దున్నే లేచి మడత నలగని చొక్కా వేసుకుని డ్యూటీకి వస్తున్నాడు. "మీ బాబాయి మళ్ళీ రెండోసారి అన్నం వడ్డించుకుంటున్నాడురా" అని పిన్ని కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. అలాంటి మనిషితో, నిన్ను చూసే నవ్వొస్తోంది బాబాయ్ అని ఎలా అంటాడు?

ఈలోగా కండక్టరు కసి తీర్చుకున్నాడు. ఆ సెలూన్‌లో జనం గొంతుల మీద కత్తి పెట్టి కలలు కంటున్నారని ఆరోగ్యశాఖకి అర్జీ పెట్టాడు. సోమవారం నాడు ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. చంకలో ఫైలు, ముక్కు మీద కళ్ళజోడు, ఆ కళ్ళజోడు మీద కోపం.

"బుధవారం పదకొండింటికి మళ్ళీ వస్తాను. నా కళ్ళముందు ఒక మనిషికి కత్తితో గడ్డం మొదలుపెట్టి పూర్తి చెయ్యాలి. గొంతుకి ప్రమాదమనిపిస్తే ఆ నిమిషమే షాపుకి తాళం" అని చెప్పి వెళ్ళిపోయింది.

మంగళవారం సాయంత్రం బార్బరు కర్టెన్ పక్కన నిలబడ్డాడు. భార్య తువ్వాళ్ళు మడత పెడుతోంది.

"రేపు ఎలాగైనా నవ్వను" అన్నాడు.

"మామయ్య గుమ్మంలో ఉండగా?"

అతను ఉలిక్కిపడ్డాడు. "నీకు తెలుసా?"

"పది నెలల్నుంచి వింటున్నాను. దువ్వెనలు అంత బరువుండవు" అంది.

అతని గడ్డం కింద సన్నగా వణికింది. ఆవిడ అది చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. గ్లాసు చప్పుడు. తిరిగొచ్చేసరికి మొహం మళ్ళీ గోడలాగా ఉంది.

అతనికి ఏడుపొచ్చింది. షాపు పోతే ఏ హోటల్లోనో గిన్నెలు కడుక్కుని బతుకుతాడు, అది కాదు. ఒక నవ్వు వల్ల షాపుకి తాళం పడిందంటే ఈ మనిషి ఇక జన్మలో నోరు విప్పదు. ఇంకో పాతికేళ్ళు ఉప్పు సరిపోయిందా, తలుపు గడియ పెట్టండి. అదీ అతని భయం.

"కత్తి ఎప్పుడన్నా చేజారిందా?" అంది ఆవిడ ఉన్నట్టుండి.

"లేదు. ముందు అది మడిచాకే నేను పడతాను. నాన్న కొట్టిన దెబ్బలు ఊరికే పోతాయా?"

ఆవిడ తువ్వాలు ఒక్కదాన్నే మూడుసార్లు విప్పి మడత పెట్టింది.

బుధవారం వచ్చింది. వీధంతా వచ్చింది కానీ గొంతు ఇవ్వడానికి ఎవడూ ముందుకి రాలేదు. రోజూ వచ్చే పాలవాడు కూడా నిన్ననే గీసుకున్నానని గడ్డం తడుముకున్నాడు, తడుముకుంటే గరగరలాడింది. అప్పుడు బాబాయి లేచాడు. నాలుగు రోజుల మాసిన గడ్డం ఆయనది.

"నా గొంతు ఉంది కదరా, ఇంకొకళ్ళని అడగడం దేనికి? మీసం మాత్రం ముట్టుకోకు" అని వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. అంతలో ఇన్‌స్పెక్టరమ్మ రావడం చూసి, మళ్ళీ లేచి వెళ్ళి గుమ్మం దగ్గరే ఆపాడు. డ్యూటీ డ్యూటీయే.

"ఏమన్నా ఉంటే ఇచ్చెయ్యండి."

"నా దగ్గర ఫైలుంది" అంది ఆవిడ.

"అందులో?"

"ఫిర్యాదు."

"చదవండి."

ఏమనుకుందో ఏమో, ఇన్‌స్పెక్టరమ్మ అర్జీ మొత్తం చదివింది. బాబాయి చేతులు కట్టుకుని విన్నాడు. "కండక్టరు రాసిందేనా? ప్రమాదం లేదు, లోపలికి రండి" అన్నాడు.

అద్దంలో ఇదంతా చూస్తున్న బార్బరు బుగ్గ లోపల పళ్ళతో గట్టిగా కొరుక్కున్నాడు. నొప్పికి నవ్వు ఆగింది. గండం ఒకటి గడిచింది.

బాబాయి మళ్ళీ కుర్చీలో కూర్చోగానే నురగ పట్టించాడు. కత్తి తోలుపట్టీ మీద రెండుసార్లు ఇటూ అటూ లాగాడు. ఎడమ చెంప అయిపోయింది. గడ్డం కింద మొదలైంది. తల వెనక్కి వాల్చి, గొంతు మీద కత్తి పెట్టించుకుని కూడా బాబాయి కళ్ళు అద్దంలో హాలంతా గస్తీ తిరుగుతున్నాయి.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఆ పక్కాయన వైపు వంగకండి. కాగితంలోకి తొంగిచూసినట్టుంటుంది" అన్నాడు పెదవులు కదపకుండా.

ఇన్‌స్పెక్టరమ్మ బడిపిల్లలా నిటారుగా కూర్చుంది. పక్కనున్న పాలవాడు తన దగ్గర ఏ కాగితమూ లేదని చేతులు రెండూ ఎత్తి చూపించాడు.

బార్బరు భుజాలు వణికాయి. మళ్ళీ బుగ్గ కొరుక్కున్నాడు, ఉప్పగా రక్తం తగిలింది. చచ్చిపోయిన తండ్రిని తలుచుకున్నాడు, పంటినొప్పిని తలుచుకున్నాడు. కుడివైపు సగం ఇంకా మిగిలే ఉంది.

"వణుకుతున్నారేంటి?" అంది ఇన్‌స్పెక్టరమ్మ పెన్ను మూత తీస్తూ.

అప్పుడు కర్టెన్ పక్కకి జరిగింది. భార్య వచ్చింది. ఈసారి ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి మరీ వచ్చింది. ఆవిడ ఏదో అనబోతోందని ఆ పీకిన చప్పుడు విన్నప్పుడే బార్బరుకి అర్థమైపోయింది.

"అమ్మా, ఒక్కమాట. మీరు చూడాలనుకుంటున్నది ఈయన పడతాడా అనా, పడితే గొంతేమవుతుందనా?" అంది ఆవిడ.

ఇన్‌స్పెక్టరమ్మ కాస్త ఆలోచించింది. "గొంతేమవుతుందని."

"అయితే చూడండి. మామయ్యా, నా దగ్గర ఒకటుంది. పది నెలల్నుంచి ఉంది. ఇచ్చెయ్యనా?"

"వద్దే!" అన్నాడు బార్బరు.

"నువ్వుండరా. ఇస్తానన్నవాళ్ళని ఆపకూడదు. ఇవ్వమ్మా, నేను చూసి చెబుతాను" అన్నాడు బాబాయి నురగలోంచి.

ఆవిడ కర్టెన్ వదిలి ముందుకొచ్చింది. "చిన్నత్తయ్య చెప్పింది. మీ పెళ్ళిలో ఆవిడ చెయ్యి మీ చేతికి ఇస్తే, పట్టుకోవడానికి ముందు అరచెయ్యి తిప్పి చూశారట, ఏమన్నా రాసుకొచ్చిందేమోనని."

బార్బరు ఆపుకున్నాడు. నిజంగా ఆపుకున్నాడు. బుగ్గ, తండ్రి, పంటినొప్పి, అన్నీ వరసగా వాడేశాడు. అక్కడితో అయిపోయి ఉంటే ఏమో కూడా. కానీ బాబాయి నిజాయితీ గల మనిషి.

"అవును, చూశాను. రాసుంది కూడా" అన్నాడు.

"ఏమని?" అంది ఇన్‌స్పెక్టరమ్మ, తనకి తెలీకుండానే.

"నా పేరు. కంగారులో మర్చిపోతానేమోనని రాసుకుందట."

"మరేం చేశారు?"

"బయటికి పంపించేద్దామనే అనుకున్నాను. భోజనాలు చల్లారిపోతాయని ఊరుకున్నాను."

దవడ సడలింది. బొటనవేలు కదిలింది. టిక్కుమని కత్తి మడత పడింది, ట్రేలోకి చేరింది. మెడ వాలింది. మోకాళ్ళు వంగాయి. బార్బరు కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా జారి నేలమీద వెల్లకిలా పడుకున్నాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. అంతా అయిపోయింది, షాపు పోయింది అనుకున్నాడు.

అప్పుడు వినబడింది. ముందు ముక్కులోంచి ఒక చిన్న శబ్దం, దాని వెనకాలే గొంతులోంచి, ఆ వెనకాలే ఎక్కడి నుంచో తెలియకుండా, ఆగకుండా. పదకొండు నెలలయింది భార్య నవ్వు విని. అది మొదలయ్యే తీరు కూడా మర్చిపోయాడు. వేలు కదపలేని మనిషి కంటి కొసల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఎవరూ తుడవలేదు, అందరూ నవ్వుతున్నారు. ఫైలు కిందపడింది. ఇన్‌స్పెక్టరమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో మొహం కప్పుకుంది.

"ఎందుకు నవ్వుతున్నారు? నిజంగానే రాసుంది" అన్నాడు బాబాయి. అని, అద్దంలో బార్బరు కనబడక, కిందికి చూశాడు. పడి ఉన్న అన్న కొడుకుని ఆయన చూడటం అదే మొదటిసారి. మొహం తెల్లబోయింది. "నేను ఇక్కడే ఉన్నాను కదే అమ్మాయ్, ఎలా పడ్డాడు?"

"మీరున్నారు కాబట్టే పడ్డాడు మామయ్యా. రోజూ పడుతున్నాడు. అద్దంలో మిమ్మల్ని చూసి" అంది ఆవిడ, ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఇంకా నవ్వు ఆపుకోలేక.

బాబాయి అద్దంలో తనని చూసుకున్నాడు. "నన్ను చూసా? ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. నా క్లాసులో ఒక్క పిల్లాడు నవ్వలేదు" అన్నాడు మెల్లగా. నురగలో మీసం కొస ఒకటి పైకి లేచింది. లేచి, అక్కడే కాసేపు ఉండిపోయింది.

ఇన్‌స్పెక్టరమ్మ ట్రే దగ్గరికి వెళ్ళి కత్తి చూసింది. మడిచి ఉంది. బాబాయి తల వెనక్కి వంచి, గొంతు ఈ చెవి నుంచి ఆ చెవిదాకా వేలితో తడిమింది. గీత లేదు. కూర్చుని రాసుకుంది. రాసింది పైకి చదివింది. "మనిషి పడెను. కత్తి పడలేదు. షాపు నడుపుకొనవచ్చును. కుర్చీ వెనుక పరుపు ఉండవలెను. దానిని చూచుకొనుటకు ఒక మనిషి ఉండవలెను."

"నేనున్నాను" అన్నాడు బాబాయి.

బార్బరు వేళ్ళు కదిలాయి. లేచి కూర్చున్నాడు, చెవులు తుడుచుకున్నాడు, చొక్కా దులుపుకున్నాడు.

"ఊఁ, ఎంతవరకొచ్చాం?"

"కుడివైపు సగం మిగిలింది" అంది భార్య.

అతను కత్తి తీసి మిగిలిన సగం గీశాడు, నీళ్ళతో కడిగి, పటిక రాసి, తువ్వాలుతో ఒత్తాడు. బాబాయి వెంటనే లేచి పరుపు తేవడానికి ఇంటికి బయల్దేరాడు. కత్తి మడిచి ట్రేలో పెట్టాకే ఆవిడ వైపు తిరిగాడు.

"పది నెలలు దీన్ని కడుపులో పెట్టుకుని ఎలా ఉన్నావే?"

"నీళ్ళు తాగి" అంది.

అతని గడ్డం కింద మళ్ళీ వణుకు మొదలైంది. ఆవిడ ఈసారి లోపలికి పరిగెత్తలేదు.

"ఇంకా ఎన్నున్నాయి?"

"ఎన్ని గ్లాసులు తాగానో మీకే తెలుసు కదా" అంది. వీధిలోకి తొంగిచూసి గట్టిగా అరిచింది. "మామయ్యా, ఆ పరుపు తొందరగా పట్రండి!"